టచ్ ఫోను ఆరువేలకు దిగిన కథ

నందికొట్కూరు సెల్ దుకాణాల్లో ఫోను కొనే రైతు ముఖ్యంగా మూడు మాటలు అడుగుతాడు: రేటెంత, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, వాట్సాప్ వస్తుందా. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో అడగడు. అడిగే పనీ లేదు. అద్దాల వెనక పేర్చిన పెట్టెల మీద ఎన్ని పేర్లున్నా, ఆరువేల ధరలో దొరికే టచ్ ఫోన్లన్నిటిలోనూ ఉండేది ఆండ్రాయిడే. 2014లో మాత్రం ఇదే రైతు కోసం నాలుగైదు వ్యవస్థలు పోట్లాడుకున్నాయి. ఆ పోరు ఎలా మొదలైంది, ఎవరు మిగిలారు, మనకేం మిగిలింది అన్నది తెలుసుకోవలసిన చరిత్ర.

రాయలసీమ పల్లెల్లోకి సెల్లు నిజంగా దిగింది 2003 తర్వాత. ఆ ఏడాది మే నుంచి ఇన్‌కమింగ్ కాల్‌కు డబ్బు కట్టే బాధ తప్పింది. జులైలో రిలయన్స్ 501 రూపాయలకే చేతిలో ఫోను పెడతానంది. ఆ ఏడాదే నోకియా 1100 వచ్చింది. కర్నూలు-కడప (కేసీ) కాలువ నీళ్లు అందని మెట్టన బోరు మీద బతికేవాడికి రాత్రిపూట కరెంటిస్తే మోటారు వేయడానికి చీకట్లో పొలానికి పోవాల్సిందే. ఆ ఫోను నెత్తిన ఉన్న టార్చి అతనికి కాల్ మాట్లాడినంత పనికొచ్చింది. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను అది.

టచ్ ఫోన్ల సంగతి వేరు. 2007 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐఫోన్‌లో పెద్దదాని ధర 599 డాలర్లు. సెప్టెంబర్ 5న ఆ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ దాన్ని 399కి దించాడు. ముందే కొన్నవాళ్లు మండిపడితే తలా వంద డాలర్ల విలువైన కొనుగోలు కూపను ఇచ్చి సర్దిచెప్పాడు. టచ్ ఫోన్ల చరిత్రలో పెద్ద ధర కోత అది. ఎంత కోసినా మన సంత దాకా వచ్చే ధర మాత్రం కాదు.

ధరను కిందికి లాగింది గూగుల్. 2003లో పుట్టిన ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని అది 2005లో కొనేసింది. 2007 నవంబర్‌లో కొన్ని ఫోన్ కంపెనీలను కూడగట్టి ఆ సాఫ్ట్‌వేరును పైసా తీసుకోకుండా ఇస్తానంది. మైక్రోసాఫ్ట్ అప్పట్లో తన వ్యవస్థకు ఫోనుకింత అని లైసెన్స్ రుసుము తీసుకునేది. గూగుల్‌కు ఆ అవసరం లేదు. ఫోనులో జనం వెతికే మాటల మీద ప్రకటనల ఆదాయం వస్తుంది. ఇంకోవైపు తైవాన్ కంపెనీ మీడియాటెక్ చిప్‌తోపాటు ఫోను తయారీకి కావలసిన నమూనా మొత్తం చేసి ఇచ్చింది. సొంత పరిశోధనశాల లేనివాడు కూడా ఫోను కంపెనీ పెట్టొచ్చు. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, మన హైదరాబాద్‌లో 2009లో మొదలైన సెల్‌కాన్ లేచింది ఈ దారిలోనే. బటన్ ఫోను నుంచి టచ్‌కు మారిన మనవాళ్లలో చాలామందికి మొదటి టచ్ ఫోను వీళ్లదే.

అసలు యుద్ధం 2014లో. ఫిబ్రవరిలో మోటో జీ 12,499కి వచ్చింది, మేలో మోటో ఈ 6,999కి. ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దిగివచ్చి చిన్న తెరల ఫోన్లకు విండోస్ రుసుము ఎత్తేసింది. ఆగస్టులో ఇంటెక్స్ ఫైర్‌ఫాక్స్ వ్యవస్థతో 1,999 రూపాయల ఫోను తెచ్చింది. సెప్టెంబర్‌లో షావొమి రెడ్‌మీ 1ఎస్ 5,999. అదే నెల 15న గూగుల్ ఆండ్రాయిడ్ వన్ పేరిట మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్‌లతో 6,399 నుంచి ఫోన్లు విడుదల చేసింది. కొత్త ఏడాది జనవరిలో శామ్‌సంగ్ తన సొంత వ్యవస్థ టైజన్‌తో జడ్1ను 5,700కి దించింది.

ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ధర కాదు, అక్షరం. అంతకుముందు చాలా ఫోన్లలో తెలుగు మెసేజి వస్తే డబ్బాలు డబ్బాలుగా కనబడేది. వత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోయేవి. 2014 నవంబర్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 తన మెనూల భాషల్లో తెలుగును చేర్చింది. చదువుకున్న కొడుకు పక్కన లేకపోయినా తండ్రి తన ఫోను తానే చదువుకునే వీలు ఆరువేల ధరతోపాటే వచ్చింది. మన మీద ప్రేమతో ఇచ్చారని అనుకోను. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు అమ్మడం దాదాపు అయిపోయింది, ఇక అమ్మాలంటే మన భాషలో అమ్మాలి. పోటీ లేకపోతే ఆ అక్షరం ఇంకెన్నేళ్లు ఆలస్యమయ్యేదో.

ఇక తయారీ సంగతి. అదే నవంబర్‌లో తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ మూతబడింది. తర్వాతి ఏడాది కేంద్ర బడ్జెట్‌లో దిగుమతి ఫోన్ల మీద పన్ను 12.5 శాతానికి పెరిగింది. ఇక్కడ తయారైనవాటికి ఒక్క శాతమే. దాంతో ఫ్యాక్టరీలు ఇటు కదిలాయి. 2015 ఆగస్టు 10న విశాఖలో షావొమి విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ శ్రీసిటీ ఫాక్స్‌కాన్ యూనిట్లో తయారైంది. ధర 6,999. శ్రీసిటీ అప్పట్లో చిత్తూరు జిల్లా కాబట్టి రాయలసీమ గడ్డ మీద బిగించిన ఫోనే. సెల్‌కాన్ కూడా అదే ఏడాది మేడ్చల్‌లో తయారీ మొదలుపెట్టింది.

2016 సెప్టెంబర్ 5న 4జీతోనే నడిచే జియో నెట్‌వర్క్ వచ్చాక 4జీ లేని టచ్ ఫోను ఎంత చౌకైనా చాలామందికి వద్దనిపించింది. పాత నమూనాల మీద ఆధారపడ్డ దేశీ కంపెనీలు చైనా కంపెనీల ముందు నిలవలేకపోయాయి. వాట్సాప్ కూడా సరిగా లేని ఫైర్‌ఫాక్స్ ఫోను చచ్చిపోయింది. దాని ఎముకల మీదే పుట్టిన కైఓఎస్‌తో 2017లో జియోఫోన్ 1,500 రూపాయల డిపాజిట్‌కు వచ్చింది. 2018 సెప్టెంబర్‌లో దానిలోకి వాట్సాప్ వచ్చింది. విండోస్, టైజన్ ఫోన్లు కనుమరుగయ్యాయి.

చివరికి మిగిలింది ఆండ్రాయిడ్, డబ్బున్నవాళ్లకు ఐఫోన్. ఉచితమన్న సాఫ్ట్‌వేరు షరతులతో వచ్చిందని 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ తేల్చి గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ప్లే స్టోర్ కావాలంటే దానితోపాటు సెర్చ్, క్రోమ్ కూడా పెట్టుకోవాలనే పద్ధతి మీద అభ్యంతరం. 2023 జనవరిలో గూగుల్ ఇక్కడ కొన్ని షరతులు సడలించింది.

నా అసలు బాధ మాత్రం అప్‌డేట్ల గురించి. ఆండ్రాయిడ్ వన్ ఫోన్లకు రెండేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు, ఆ ధరలో అది గొప్ప మాట. ఆ తర్వాత చౌక ఫోన్లు చాలావాటికి ఆ హామీ కూడా సరిగా అందలేదు. మిరప పంట బాగా వచ్చిన ఏడు కొన్న ఫోనును మనవాడు చెడిపోయేదాకా వాడతాడు. రెండు మూడేళ్లకే భద్రతా అప్‌డేట్లు ఆగితే ఆ తర్వాత పంట డబ్బు, బ్యాంకు, ఓటీపీ అన్నీ తలుపు మూయని ఫోనులోనే ఉంటాయి. ఐరోపా సంఘంలో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాల్సిందే. ఆరువేల ఫోను పెట్టె మీద ధర పక్కనే అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో తెలుగులో అచ్చువేయాలని మనమూ అడగాలి, నందికొట్కూరు దుకాణంలో బేరం చేసేటప్పుడే.