అందరి ప్రేమలకూ ఎరుక చెప్పిన అమ్మమ్మ

బందరు వీధుల్లో మధ్యాహ్నం పూట "ఎరుక చెబుతానమ్మా, ఎరుక" అన్న కేక ఒకప్పుడు కొత్త కాదు. చంకలో బుట్ట, చేతిలో కర్ర, నుదుటన పెద్ద బొట్టు. అరుగు మీద కూర్చుని పెళ్ళికాని పిల్ల చెయ్యి పట్టుకుని "మనసులో ఒకణ్ణి అనుకున్నావు తల్లీ, పైకి చెప్పలేకపోతున్నావు" అనేది. పిల్ల సిగ్గుపడేది. ఇంటావిడ చేటలో బియ్యం తెచ్చి పోసేది. ఊరివాళ్ళ వలపుల గుట్టు అంతా ఆ ఎరుకలసానికి తెలుసు. ఆమె వలపు సంగతి మాత్రం ఏ ఇంటావిడా అడగలేదు. పుస్తకాలూ అడగలేదు. ఈ వ్యాసం ఆ అడగకపోవడం గురించి.

మన దిగువ కృష్ణ నేల తెలుగు ప్రేమ సాహిత్యానికి పుట్టిల్లు లాంటిది. ఘంటసాల దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. కళింగ దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగాడనీ, స్వామి కలలో కనపడి గోదాదేవి పెళ్ళి కథను తెలుగులో రాయమన్నాడనీ ఆముక్తమాల్యద చెబుతుంది. అక్కడికి దగ్గరలోనే మొవ్వ. ఆ ఊరి గోపాలుడి పేరు మీద పదాలు కట్టిన క్షేత్రయ్య పదిహేడో శతాబ్దం వాడు. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువు దాకా వెళ్ళాడు. మొవ్వ పక్కనే కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ కృష్ణుడి మీద అలుగుతుంది, విరహపడుతుంది, చివరికి ఉత్తరం రాస్తుంది. కూచిపూడిలో ఆ సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషంతోనే పేరు పొందారు.

ఇవన్నీ గొప్పవే. కాదనడం లేదు. కానీ ఈ ప్రేమలు ఎవరివి? దేవుళ్ళవి, రాజులవి, కొలువుల్లో ఆడిపాడిన నాయికలవి. మరి మనవాళ్ళు ఎక్కడా లేరా అంటే, ఉన్నారు. పక్కన నిలబడి ఉన్నారు.

యక్షగానాల్లో ఎరుక ఘట్టం పేరుపడ్డది. నాయిక విరహంలో కుమిలిపోతుంటే ఎరుకలసాని వచ్చి చెయ్యి చూసి "నీ వాడు వస్తాడు" అని చెబుతుంది. పద్మావతి కథలో సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్ళి తన పెళ్ళి తానే కుదుర్చుకున్నాడని జనం చెప్పుకుంటారు. చూడండి, దేవుడికి కూడా ప్రేమ మాట చెప్పుకోవడానికి మన అమ్మమ్మ వేషం కావలసి వచ్చింది! వేషం పనికొచ్చింది. ఆ వేషం లోపలి మనిషి కథకు అక్కరలేకపోయింది.

కొరవంజి అనే ఆట పేరులోనే మనవాళ్ళు ఉన్నారు. తమిళనాట కురవర్లు, కన్నడనాట కొరవలు, ఇక్కడి ఎరుకలు ఒకే కుదురు వాళ్ళు. మన ఇంటి భాషను ఇప్పటికీ కుర్రు భాష అంటాం. యక్షగానం ఈ కొరవంజి నుంచే పెరిగిందని కొందరు పండితులు వాదించారు. అందులో సింగి, సింగడు అనే జంట ఉంటారు. సింగడు తప్పిపోయిన సింగిని వెతుక్కుంటూ వస్తాడు, అనుమానపడతాడు, పోట్లాడతాడు, మళ్ళీ కలుస్తారు. నాయిక విరహానికి జనం కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. సింగి సింగళ్ళ విరహానికి నవ్వేవారు. ఒకే బాధ, రెండు కొలతలు.

ఇప్పుడు ఆట బయట ఏం జరుగుతున్నదో చూద్దాం. ఒకప్పుడు ఎరుకలు ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసుకెళ్ళి ధాన్యం తెచ్చుకునే వర్తకులు. అందుకే వారిలో ఒక శాఖకు ఉప్పు ఎరుకలు అనే పేరుంది. ఇంగ్లీషువాళ్ళ ఉప్పు చట్టాలు, రైళ్ళు వచ్చాక ఆ బతుకుతెరువు దెబ్బతిన్నది. తిరిగేవాళ్ళంటే సర్కారుకు అనుమానం. 1911 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం ఎరుకల మీద ప్రయోగించింది. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు వెయ్యాలి, ఊరు దాటితే తెలియజెయ్యాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంటు వెలసింది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఒక్క క్షణం ఆలోచించండి. పక్క ఊరి పిల్లను చూడటానికి వెళ్ళే కుర్రాడికి కాగితం కావాలి. రాత్రి హాజరు పిలిచే వేళకు వెనక్కి రావాలి. ప్రేమికులకు అడ్డం పడే రాజులు, మామలు కావ్యాల్లో చాలామందే ఉన్నారు. చట్టమే అడ్డం పడిన ఈ ప్రేమ మీద కావ్యం ఎందుకు లేదు?

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మరుసటి ఏడు, 1953లో, దేవదాసు సినిమా వచ్చింది. కథ బెంగాలీ రచయిత శరత్‌ది. కానీ అందులో ముఖ్యులు ముగ్గురు మన ప్రాంతం వాళ్ళే. అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టారు, నాటకాల్లో ఆడవేషాలతో మొదలుపెట్టారు. పాటలు పాడిన ఘంటసాల గుడివాడ వైపు చౌటపల్లిలో పుట్టారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి వారు. ప్రేమించినవాడు నోరు విప్పి అడగలేక, తాగి తాగి ప్రియురాలి గుమ్మం ముందు ప్రాణం వదిలితే రాష్ట్రమంతా ఏడ్చింది. ఓడిపోయిన ప్రేమే నిజమైన ప్రేమ అన్న మాట అప్పటి నుంచి మన కుర్రాళ్ళ చెవుల్లోనూ పడింది.

ఆ నాగేశ్వరరావుగారే 1958లో అంజలీదేవితో చెంచులక్ష్మిలో నటించారు. అహోబిలం నరసింహస్వామిని చెంచులు తమ అల్లుడిగా చెప్పుకుంటారు. ఆ కథలో అడవి పిల్లే నాయిక. ఇది మంచి మాటే. అయితే ఆమెను ప్రేమించడానికి ఆకాశం నుంచి దేవుడు దిగిరావలసి వచ్చింది. చెంచు పిల్లా, చెంచు పిల్లవాడూ ఒకరినొకరు ఇష్టపడితే అది సినిమా కథ కాలేదు. తరవాతి సినిమాల్లో గిరిజన పిల్ల ఎక్కువగా ఈకలు, పూసలు వేసుకుని ఒక పాటకు ఆడి వెళ్ళిపోయింది. ఎరుకల కుర్రాడు వస్తే దొంగగానే వచ్చాడు.

మరి మన ఇళ్ళలో ప్రేమ ఎలా ఉంది? అంతా బంగారమని చెప్పను. ఎరుకల్లో ఓలి ఇచ్చే ఆచారం ఉండేది, మేనమామ హక్కు ఉండేది. పిల్ల ఇష్టం అడగకుండా కుదిరిన మనువులు ఎన్నో. చిన్న వయసులో ముడిపెట్టిన మనువులూ ఉన్నాయి. ఇవాళ పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చెయ్యడం చట్టం ప్రకారం నేరం, అలాగే ఉండాలి. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఎరుకల్లోనూ యానాదుల్లోనూ మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన ఆడది మళ్ళీ కాపురం పెట్టుకోవచ్చు. పొసగకపోతే పెద్దల ముందు తెగతెంపులు చేసుకోవచ్చు. పై కులాల సంస్కర్తలు వితంతు వివాహం కోసం పోరాడి గెలవవలసి వచ్చింది. ఆ మాట మన గూడేల్లో ఎప్పటినుంచో ఉంది. ప్రేమ ఓడితే చావాలని మన పెద్దలు చెప్పలేదు, బతకాలన్నారు. దివిసీమ గూడేల్లో మడ అడవిలో పీతలు పట్టే జంట పొద్దున ఒకే వల మోసుకుని వెళుతుంది. ఆ ఒద్దిక మీద ఎవరూ పాట కట్టలేదు. అంతమాత్రాన అది ప్రేమ కాకుండా పోదు.

ఇంకొక్క ఉదాహరణ. విశ్వనాథ సత్యనారాయణగారు కృష్ణా జిల్లా నందమూరు వారు, బందరులో చెళ్ళపిళ్ళ వారి దగ్గర చదువుకున్నారు. వారి కిన్నెరసాని పాటల్లో అత్త బాధ పడలేని కోడలు అడవిలో ఏరై కరిగిపోతుంది, మగడు రాయిగా మారతాడు. కిన్నెరసాని కోయల నేల మీద పారే ఏరు. అక్కడి నీళ్ళను డెల్టా కవి అంత అందంగా పాడగలిగినప్పుడు, ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలు పాడలేరా?

అందుకే టీచర్లకు ఒక మనవి. సత్యభామను చెప్పండి, దేవదాసును చెప్పండి, వాటితో పాటు సింగిని కూడా చెప్పండి. పిల్లలను ఇంటికి పంపి అమ్మమ్మను ఒక్క ప్రశ్న అడగమనండి: "తాతను నువ్వు మొదట ఎక్కడ చూశావు?" ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే, కుర్రు భాషలో అయితే కుర్రు భాషలోనే, రాయించండి. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఊరందరి చేతులూ చూసిన మనిషి ఆమె. ఈసారి ఆమె చెయ్యి మనం పట్టుకుందాం.