పొగాకు మొజాయిక్ వైరస్

పొగాకు మొజాయిక్ వైరస్ పొగాకు, టమాటా, మిరప మొదలైన మొక్కలకు సోకే ఒక వైరస్. ఇది సోకిన ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలసి, రంగురాళ్ళు పొదిగినట్లు కనిపిస్తాయి. ఆ పేరు రావడానికి కారణం ఇదే. శాస్త్రజ్ఞులు గుర్తించిన మొట్టమొదటి వైరస్ ఇది. జన్యు సమాచారాన్ని మోసేది మాంసకృత్తు కాదు, కేంద్రకామ్లమే అని తేలడంలో దీని పాత్ర గణనీయమైనది.

ఆవిష్కరణ

నెదర్లాండ్స్‌లో పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ మేయర్ 1886లో ఈ తెగులుకు పేరు పెట్టి, తెగులు మొక్క రసం ద్వారా ఇది ఇతర మొక్కలకు సోకుతుందని చూపాడు. 1892లో రష్యాకు చెందిన దిమిత్రి ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియాను ఆపగల పింగాణీ వడపోత గుండా పంపినా దాని సోకే గుణం పోలేదు. అయినా ఆయన బాక్టీరియా ఊహను విడిచిపెట్టలేదు. 1898లో డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్ ఈ కారకం మొక్కలోనే వృద్ధి చెందుతున్నదని గ్రహించి, దీనిని సజీవమైన అంటుద్రవంగా వర్ణించి, వైరస్ అన్నాడు. ద్రవమనుకోవడం మాత్రం పొరపాటు. 1939లో తీసిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలలో ఇది సన్నని కడ్డీల రూపంలో కనిపించింది.

మాంసకృత్తా, కేంద్రకామ్లమా?

1935లో అమెరికాకు చెందిన వెండెల్ స్టాన్లీ ఈ వైరస్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, ఇది మాంసకృత్తు అని ప్రకటించాడు. ఉప్పు, పంచదారల వలె స్ఫటికమయ్యే పదార్థం మొక్కలో చేరి సంతానం పెంచుకొనడం అందరినీ ఆశ్చర్యపరచింది. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో బాడెన్, పిరీ దీనిలో భాస్వరం, ఆర్‌ఎన్‌ఎ ఉన్నాయని చూపారు. వైరస్ బరువులో ఆర్‌ఎన్‌ఎ సుమారు 5 శాతమే కావడంతో దాని ప్రాముఖ్యం చాలాకాలం గుర్తింపబడలేదు. 1946లో స్టాన్లీకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. బాడెన్, పిరీలకు ఆ గౌరవం దక్కలేదు.

1956లో జర్మనీలో గీరెర్, ష్రామ్ మాంసకృత్తును తొలగించి, మిగిలిన ఆర్‌ఎన్‌ఎను మాత్రమే ఆకులకు రుద్దగా తెగులు వచ్చింది. అమెరికాలో ఫ్రెంకెల్-కాన్రాట్ ఒక రకం వైరస్ ఆర్‌ఎన్‌ఎకు మరొక రకం మాంసకృత్తు తొడుగును కూర్చాడు. పుట్టిన వైరస్‌ల తొడుగు ఆర్‌ఎన్‌ఎ ఏ రకానిదో ఆ రకంగానే ఉంది. స్వల్పమని ఉపేక్షింపబడిన ఆ భాగమే వంశపారంపర్య పదార్థమని ఈ విధంగా రుజువైంది.

నిర్మాణం

ఈ కడ్డీ పొడవు సుమారు 300 నానోమీటర్లు, వ్యాసం 18 నానోమీటర్లు. సుమారు 2,130 మాంసకృత్తు ఉపభాగాలు మరమేకు చుట్ల వలె అమరి ఉంటాయి. డిఎన్‌ఎ పరిశోధన తరువాత లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్-కిరణాలతో ఈ వైరస్‌ను పరిశీలించి, కడ్డీ మధ్యభాగం బోలు అనీ, ఆర్‌ఎన్‌ఎ ఆ బోలులో కాక మాంసకృత్తు చుట్ల నడుమ ఇమిడి ఉందనీ నిర్ధారించింది. బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కొరకు ఆమె ఈ వైరస్ యొక్క పెద్ద నమూనాను తయారుచేయించింది. ప్రదర్శన 1958 ఏప్రిల్ 17న ప్రారంభమైంది. ఆమె అంతకు ముందురోజే, 37వ ఏట మరణించింది. ఆమె సహచరుడు ఆరన్ క్లుగ్ ఈ పరిశోధనను కొనసాగించి, 1982లో నోబెల్ బహుమతి పొందాడు.