ఇసక మీద నాలుగు ఫారాలు

మే నెల. పొద్దున్న ఏడున్నరకే చొక్కా వీపుకి అంటుకుపోతోంది. టెక్కలి నుంచి నౌపడా మీదుగా వచ్చిన ఆటో మిమ్మల్ని భావనపాడు చివర దింపేసి, తిరుగు బేరం వెతుక్కుంటూ వెళ్లిపోయింది. దారిలో చూసిన ఉప్పు మడుల తెలుపు ఇంకా కళ్లలోంచి పోలేదు. ఎదురుగా ఇసక, ఇసక మీదికి లాగి పెట్టిన ఫైబర్ పడవలు. ఇంజన్లు విప్పి ఇళ్లకు చేర్చేశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజన్ పడవలకు వేట నిషేధం. తాటాకు నీడలో వల చిరుగులు కలుపుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే అడుగుతాడు: "పోటోల పుస్తకం ఓళ్ల కాడికేనా? అల్లదిగో, ఆ పాక."

వంగి లోపలికి వెళ్లండి. ఎండుచేపల వాసన, ఓ మూల మడిచిన వలలు, మధ్యలో పరిచిన నీలం టార్పాలిన్. దాని చుట్టూ హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు, టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి, కాశీబుగ్గ నుంచి బండి మీద వచ్చిన డీటీపీ ఆయన, గుజరాత్‌లోని వేరావల్‌ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు. గుమ్మం దగ్గర ఖాళీ గంప బోర్లించుకుని, దాని మీద కూర్చుని వింటున్న చేపలమ్మే పిన్ని. మీరు వచ్చారని ఎవరూ మాట ఆపరు. కాస్త జరిగి చోటిస్తారు, అంతే.

వీళ్లు తలపెట్టింది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి జనానికి చెప్పే ఫోటో పుస్తకం. టార్పాలిన్ మీద ప్రింట్లు కుప్పగా ఉన్నాయి. పై వరసంతా శిబిరాల ఫోటోలు: బ్యానరు, దీపం వెలిగించడం, శాలువా, ల్యాప్‌టాప్ ముందు నలుగురు విద్యార్థులు, వాళ్ల వెనక చెయ్యి చాపి ఏదో చూపిస్తున్న ఓ పెద్దమనిషి. మాస్టారు వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తున్నారు. "దీపం ఫోటో ఎల్ఐసీ వాళ్ల సభదైనా ఇలాగే ఉంటుందమ్మా. చూసేవాడికి ఏం తెలుస్తుంది?"

అమ్మాయికి మనసొప్పడం లేదు. పీటర్ ఆడమ్స్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ 2014 నుంచి ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల ముఖాల ఫోటోలు తీస్తున్నాడనీ, యూనిక్స్ కట్టిన కెన్ థాంప్సన్ లాంటివాళ్లు అందులో ఉన్నారనీ, మనమూ మనుషుల్నే చూపించాలనీ ఆమె వాదన. అది ఆడమ్స్‌కు కుదిరింది. హైదరాబాదులో అయినా కుదురుతుంది. 2005 నుంచి 'స్వేచ్ఛ' పేరుతో తెలుగులో కనిపించే లినక్స్ కోసం పనిచేసినవాళ్లు అక్కడ దొరుకుతారు. భావనపాడులో కోడ్ రాసినవాళ్ల కోసం వెతికితే పుస్తకం అట్ట దాటదు. ఇక్కడున్నది వాడేవాళ్లు. అదీ, వాడుతున్నామని తెలియకుండా వాడేవాళ్లు. పుస్తకానికి అసలు సరుకు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

వేరావల్ కుర్రాడు చేతిలోని ఫోన్ టార్పాలిన్ మీద పెడతాడు. అందులో అలల హెచ్చరిక ఉంది. అది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ నుంచి వస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెప్పే ఆ కేంద్రం 1999 నుంచి ఉంది. చేపలు పడే తావు ఎటుందో, అల ఎన్ని మీటర్లు లేస్తుందో తీరం పొడుగునా చెబుతుంది. ఆ అలల అంచనాకు వాడే నమూనాల్లో వేవ్‌వాచ్-3 ఒకటి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ కట్టి, దాని కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టింది. ఎవరైనా దించుకోవచ్చు, తమ సముద్రానికి సరిపడేలా మార్చుకోవచ్చు. హెచ్చరిక చూపించిన ఆ ఫోన్ నడిచేది ఆండ్రాయిడ్ మీద. ఆండ్రాయిడ్ లోపలున్నది 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలెట్టిన లినక్స్.

"అంటే నానూ లినక్స్ వాడుతున్నట్టేనా?" అంటాడు కుర్రాడు. నవ్వు ఆగాక మాస్టారు నోటుపుస్తకంలో రాసుకుంటారు: మొదటి బొమ్మ, నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున పడవ దింపే ముందు ఫోన్ చూసుకుంటున్న మనిషి. జూన్ 15. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

రెండో బొమ్మ దగ్గర గొడవొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ పొద్దున తీసిన ఓ ఫోటో ఇక్కడుంది: మొదళ్లు పెకలించుకుని ఒకే దిక్కుకు పడిపోయిన కొబ్బరి చెట్లు, వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ రైతు. చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. అమ్మాయి దీన్ని అట్ట మీద వేద్దామంటోంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదంటోంది. ఎవరైనా దిద్దగలిగే పటం అది, 2004లో మొదలైంది. తుఫాను పడ్డచోట రోడ్లు, ఇళ్లు గీసిపెట్టేందుకు ఎక్కడెక్కడివాళ్లో అందులో కూర్చుంటారు.

"తీసిందెవరు?" అని అడుగుతారు మాస్టారు.

ఎవరికీ తెలీదు. వాట్సాప్‌లో వచ్చింది. పది గ్రూపులు తిరిగి వచ్చింది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు సాధారణంగా తీసినవాడిది. ఆ తీసినవాడెవరో తెలియనప్పుడు అనుమతి ఇచ్చేదెవరు? పైగా డీటీపీ ఆయన స్కేలు పెట్టి ఇంకో సంగతి తేల్చాడు. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పుంటుంది. అంగుళానికి 300 చుక్కల అచ్చులో పదమూడు అంగుళాలు వస్తుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే 1600 దగ్గరికి కుంగిపోతుంది. ఐదు అంగుళాలు దాటితే మసక. "అట్ట మీదెయ్యమంటే ఏస్తాను గానీ, చెట్టో మనిషో తెలీదండి మరి."

ఫోటో పక్కకు పోయింది. అమ్మాయి దాన్ని శిబిరాల కుప్పలో వెయ్యలేదు, విడిగా పెట్టుకుంది. ఉద్దానం వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే తీసినవాడు దొరక్కపోడని ఆమె ఆశ. దొరికితే అసలు కాపీని డాక్యుమెంటుగా పంపమనాలి.

ఇప్పటిదాకా మాట్లాడని పిన్ని గంప మీంచి కొంచెం ముందుకు వంగింది. కుప్పలో తన ఫోటో ఉంది: నెత్తిన గంప, నడుముకి బిగించిన చీర కుచ్చెళ్లు, వెనక ఎర్రటి పొద్దు. బాగా వచ్చింది. దాన్ని వికీమీడియా కామన్స్‌లో పెడతామనీ, తెలుగు వికీపీడియాలో ఊళ్లకు పేజీలున్నా చాలావాటికి ఒక్క ఫోటో కూడా లేదనీ, అక్కడ పెడితే అందరూ వాడుకోవచ్చనీ అమ్మాయి సంబరంగా చెప్పింది.

"అందరూ అంటే?"

"ఎవరైనా, పిన్నీ."

"ఎవులో బొంబాయోడు అట్టుకెల్లి సబ్బు డబ్బా మీద ఏసుకుంటే?"

అమ్మాయి తడుముకుంది. కామన్స్‌లో పెట్టేందుకు వీళ్లు ఎంచుకున్న లైసెన్సు అమ్ముకోవడానికీ ఒప్పుకుంటుంది. తీసినవాళ్ల పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి, ముఖ్యమైన షరతులు అవే. "వ్యాపారానికి వాడరాదు" అని రాస్తే కామన్స్ ఆ ఫోటోను తీసుకోదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడమూ ఉండదు. అదీగాక, అది తీసినవాడి కాపీరైటు సంగతి మాత్రమే చూస్తుంది. ఫోటోలో ఉన్న మనిషి గురించి ఆ లైసెన్సు మాట్లాడదు.

"మరి నాకేటిత్తాడు?"

"ఏమీ ఇవ్వడు పిన్నీ."

"అయితే నానొల్లను."

మాస్టారు నచ్చజెప్పబోయి అలివి వల ఉదాహరణ ఎత్తుకున్నారు. ఊరంతా కలిసి లాగుతారు, పడ్డ చేప అందరూ పంచుకుంటారు, ఇదీ అలాంటిదే అన్నారు. పిన్ని ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. వల ఎవరిదో వాడికి పెద్ద పాలు పోతుందనీ, లాగినోడికి మిగిలింది పంచుతారనీ, ఆ లెక్క మాస్టారికి తెలీదనీ తేల్చేసింది. పాకలో అందరికన్నా నిజం మాట్లాడింది ఆవిడే. స్వేచ్ఛగా పంచుకోవడం గురించి చెప్పే పుస్తకాల్లో పంచేవాళ్ల పేర్లుంటాయి, బొమ్మల్లో పేదవాళ్ల ముఖాలుంటాయి. ఆ రెంటి మధ్య తేడా ఎవరూ అడగరు.

మరో అరగంట దాని మీదే గడిచింది. మీరు కూడా ఓ మాట అన్నారు: ముఖాలున్న ఫోటోలకు హక్కులన్నీ అట్టిపెట్టుకుని, మిగతావి తెరిచిపెడితే? చట్టపరంగా అడ్డేమీ లేదు. అమ్మాయి ఒప్పుకోలేదు. సగం తాళం వేసిన పుస్తకం చేతిలో పెట్టి తాళాలు వద్దని ఎలా చెబుతాం అంది. చివరికి కుదిరిందిది: తెలుగులో ఒక కాగితం రాయాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, సబ్బు డబ్బా సంగతితో సహా చెప్పి, ఆ తర్వాతే వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. ఒప్పుకోనివాళ్ల ముఖం పుస్తకంలోనూ వద్దు, కామన్స్‌లోనూ వద్దు. ఫోటోల్లో దాక్కునే జీపీఎస్ గుర్తుల్ని ఎక్కించే ముందే చెరిపేయాలి, ఎవరి ఇల్లు ఎక్కడుందో లోకానికి చెప్పక్కర్లేదు.

"సేతులు తీయండి కావాలంటే," అంది పిన్ని. "సేప కోసేటప్పుడు. సేతులకి నానేటీ అడగను."

పదకొండు దాటింది. డీటీపీ ఆయన వంతొచ్చింది, నిజానికి ఈ పుస్తకం గట్టెక్కేదీ మునిగేదీ ఆయన దగ్గరే. జిల్లాల్లో ఎన్నో పెళ్లి శుభలేఖలు, సంస్మరణ సంచికలు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారైనవే. దాని ఆఖరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది, కంపెనీ ఆ తర్వాత దాన్ని వదిలేసింది. అందులో వాడే పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ అక్షరాల్ని తీసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది. ఆయన బీరువాలో ఊళ్ల చరిత్రలున్న సీడీలు ఉన్నాయట. ఫైళ్లు ఉన్నాయి, తెరిచే దారి మూసుకుపోతోంది. ఓపెన్ సోర్స్ ఎందుకని అడిగేవాళ్లకు ఆ బీరువా ఫోటో చాలు. మాస్టారు దాన్నీ రాసుకున్నారు.

అమ్మాయి ల్యాప్‌టాప్‌లో స్క్రైబస్ తెరిచింది, పేజీలు పెట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఆయన నమ్మకం లేకుండానే కీబోర్డు దగ్గరికి జరిగాడు. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో చూపించారట, ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయట. అప్పట్లో నిజమే. 2017లో 1.5.3 వచ్చాకే దానికి మన లిపుల పొందిక అర్థమైంది. ఆ మార్పులన్నీ కలిసిన నిలకడైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. ఆయన తన మండలం పేరు కొట్టలేదు, ఇక్కడి మండలం పేరు కొట్టాడు: సంతబొమ్మాళి. మకారం కింద ఒత్తు బుద్ధిగా కూర్చుంది. ఇంకోసారి కొట్టాడు. సైజు పెంచి చూశాడు.

శీర్షికలకు 'గిడుగు' ఫాంటు, వ్యాఖ్యలకు 'మండలి' అని తేలింది. రెండూ ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వచ్చినవే. గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలో, 1863లో. ఆయన పేరున్న అక్షరాలు జిల్లా పుస్తకానికి వాడటం నాకూ నచ్చింది గానీ, అవి శీర్షిక అక్షరాలు, చిన్న సైజులో పెడితే ఇరుకవుతాయి. ఆ సంగతి డీటీపీ ఆయనే ముందు పట్టుకున్నాడు.

పేజీలెన్నో కూడా ఆయనే చెప్పాడు. పెద్ద కాగితం రెండు వైపులా అచ్చేసి మడిస్తే పదహారు పేజీలు, అదొక ఫారం. నాలుగు ఫారాలు, 64 పేజీలు. అరవై ఆరు కావాలంటే కాగితం దండగ. తెర మీద మెరిసే సముద్రపు నీలం నాలుగు రంగుల అచ్చులో చచ్చిపోతుంది కాబట్టి ముందే రంగుల ప్రొఫైలు పెట్టి చూసుకోవాలి. స్క్రైబస్ ఆ పని చేస్తుంది.

ఫారాలు కాలాలను బట్టి నిండుతాయి. ఈ నెల్లోనే నౌపడా ఉప్పు, పలాస జీడిపప్పు. చలికాలం పక్షులు దిగాక తేలినీలాపురంలో గూడబాతులు. పక్కన మూలపేటలో పోర్టు పనికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన అయ్యింది, దాన్ని మొదట్లో భావనపాడు పోర్టు అనేవారు. అక్కడ ఒడ్డు మారిపోతోంది కాబట్టి ఒకే చోట నిలబడి మూడు నెలలకోసారి తీయాలి, ఆ మార్పుల్ని పటంలోనూ దిద్దాలి. వేరావల్ పడవ మీద కుర్రాడు తీసిన ఫోటోలకు నాలుగు పేజీలు; తీసింది తనే గనక హక్కూ తనదే, ఇక్కడే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

డబ్బు సంగతి ఎత్తారు. డీటీపీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఒక్క ఫారం పేజీలు పెట్టి ప్రూఫ్ తీద్దాం, వచ్చే ఆదివారం కాశీబుగ్గ రండి, అది చూశాకే లెక్క అన్నాడు. లేచి చెప్పులేసుకుంటూ ఆగి, ఆఖరి పేజీలో సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ రాస్తారు కదా, పేజీలు పెట్టినవాడి పేరు ఎక్కడ రాస్తారని అడిగాడు.