ఒళ్లో బిడ్డకి టికెట్టెందుకు?

మా చిన్నదానికి రెండేళ్లు నిండేలోపే అమెరికాలో ఉన్న ఆడపడుచు దగ్గరికి వెళ్లొచ్చేద్దామని మావారి తొందర. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే విదేశీ ప్రయాణాల్లో మామూలుగా పెద్దవాళ్ల టికెట్టులో పదో వంతు కడితే చాలు. అమెరికా లోపల తిరిగే విమానాల్లో అదీ అక్కర్లేదు. "అంత డబ్బు మిగులుతుంటే ఇంకా ఆలోచనేమిటే?" అన్నారు అత్తయ్య. నాకూ నిజమే అనిపించింది. తర్వాతే ఈ కథ చదివాను.

1989 జులై 19. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో తోక దగ్గరి ఇంజన్ పగిలిపోయింది. విమానాన్ని తిప్పే వ్యవస్థలన్నీ దెబ్బతిన్నాయి. పైలట్లు ఎలాగో సూ సిటీ దాకా తెచ్చారు. అందులో ఉన్నవాళ్లు 296 మంది. వాళ్లలో నలుగురు ఒళ్లో పిల్లలు.

పెద్దవాళ్లకి బెల్టులున్నాయి. ఈ పిల్లలకి లేవు. పిల్లల్ని దుప్పట్లు, దిండ్ల మధ్య కాళ్ల దగ్గర నేలమీద పడుకోబెట్టి పట్టుకోమని సిబ్బంది పెద్ద జ్యాన్ బ్రౌన్ తల్లులకి చెప్పింది. అప్పటి పద్ధతి అదే. విమానం నేలకి గుద్దుకుని ముక్కలైంది. 112 మంది పోయారు. ఆ నలుగురిలో ఒక బాబు కూడా.

తను చెప్పిన ఆ మాటని జ్యాన్ మరిచిపోలేకపోయింది. ప్రతి బిడ్డకీ సీటు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది. ప్రమాదాన్ని దర్యాప్తు చేసిన సంస్థా అదే సిఫారసు చేసింది. కానీ అమెరికా విమానయాన శాఖ ఒప్పుకోలేదు. టికెట్టు తప్పనిసరి చేస్తే, కొనలేని కుటుంబాలు కార్లలో బయల్దేరతాయి, రోడ్డుమీద ఇంకా ఎక్కువమంది పోతారని దాని లెక్క. 2005లోనూ అదే మాట. సీటు కొనడమే క్షేమమని మాత్రం సలహా ఇస్తుంది.

ఆ లెక్కలో న్యాయం లేదనను. డబ్బుల్లేక ఒళ్లో పెట్టుకున్న తల్లిని తప్పుపట్టే మనసు నాకు లేదు. కానీ మనకి అమెరికాకి కారు దారి లేదు కదా! మా ముందున్నది ఒక్క డబ్బు లెక్కే.

కొత్త ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు తీసి చిన్నదానికి సీటు కొన్నాం. అత్తయ్య రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు ఆ కథంతా చెప్పాను. ఆవిడేమీ అనలేదు. కాసేపాగి, "కిటికీ పక్కన దొరికిందా?" అని అడిగారు.