గురకకు సింహగర్జన మందా?

మా అక్కావాళ్ళుండేది రాయపూర్‌లోని తెలీబంధాలో. ఈమధ్య వెళ్ళినప్పుడు పొద్దున్నే బావగారితో చెరువుగట్టు మీద నడకకు బయలుదేరాను. ఆ గట్టును అక్కడివాళ్ళు ‘మరీన్ డ్రైవ్’ అంటారు. ఒక మూల పదిమంది కూర్చుని, నాలుకలు బయటపెట్టి సింహాల్లా గర్జిస్తున్నారు. బావగారూ వెళ్ళి కూర్చున్నారు!

“గురక పోతుందోయ్. మన ఋషులు ఎప్పుడో చెప్పారు” అన్నారు.

ఆయనకు స్లీప్ ఆప్నియా ఉంది. డాక్టరు వాడమన్న సీప్యాప్ యంత్రాన్ని అటకెక్కించేశారు. ఆ మధ్య కారు నడుపుతూ కునికారని అక్క ఏడ్చింది. నాకు మొదట నవ్వొచ్చింది. కానీ వెక్కిరింత హేతువాదం కాదు కదా! చరిత్ర తిరగేశాను.

కుంభకర్ణుడి నుంచి ఇప్పటిదాకా మనకు గురక అంటే నవ్వులాట, లేదా గాఢనిద్రకు గుర్తు. నిజానికి నిద్రలో నాలుక, అంగిలి, కొండనాలుక సడలుతాయి. గాలికి అవి అదిరితే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే ఆప్నియా. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. నిద్రలో ఇలా ఊపిరి ఆగడాన్ని 1965లో ఫ్రెంచి, జర్మన్ పరిశోధకులు నమోదు చేశారు. ముక్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి దారి తెరిచి ఉంచే సీప్యాప్‌ను 1981లో సిడ్నీకి చెందిన కొలిన్ సలివన్ బృందం ప్రకటించింది.

మరి వ్యాయామాలు? ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం డిడ్జెరిడూ. దాన్ని నేర్పే ఒక గురువు తన గురక తగ్గిందని గమనించాడు. స్విట్జర్లాండ్ పరిశోధకులు దాన్ని 25 మందిపై పరీక్షించి, 2005లో ఫలితం ప్రచురించారు. పగటి మత్తు తగ్గింది. 2017లో దీనికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది!

2009లో బ్రెజిల్‌లోని సావో పాలోలో 31 మందిపై మరో పరీక్ష జరిగింది. ఒక జట్టు మూడు నెలలు నాలుకకు, అంగిలికి, బుగ్గలకు వ్యాయామాలు చేసింది. గంటకు సగటున 22.4 సార్లు వచ్చే శ్వాస ఆటంకాలు 13.7కు తగ్గాయి. రెండో జట్టు చేసిందేమిటో తెలుసా? దీర్ఘశ్వాస! వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అంటే నేను నవ్వడమూ తప్పే, బావగారు నమ్మడమూ తప్పే. హఠయోగ ప్రదీపికలో సింహాసనం ఉంది, నిజమే. కానీ అక్కడ చెప్పిన ప్రయోజనం మూడు బంధాలు కుదరడం, గురక తగ్గడం కాదు. సావో పాలోలో పనిచేసింది ప్రాచీనత కాదు, కండరాల కసరత్తు. ఆ సంగతి తేల్చింది పోల్చి చూసిన రెండో జట్టు.

ఇంకో మాట. 13.7 అంటే జబ్బు పోయినట్టు కాదు. గంటకు 5 దాటితేనే ఆప్నియా కింద లెక్క. మన ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సినిమాలకు సంగీతమిచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోతే, వైద్యులు చెప్పిన కారణం స్లీప్ ఆప్నియాయే.

“కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేయకండి బావగారూ. గర్జించండి, కానీ రాత్రికి యంత్రం పెట్టుకోండి. మూడు నెలల తర్వాత నిద్ర పరీక్ష చేయిద్దాం. అంకె తగ్గితే ఏం చేయాలో డాక్టరే చెబుతారు” అన్నాను.

ఆ రాత్రి యంత్రం అటక దిగింది. ఋషుల మీద మా వాదన మాత్రం ఇంకా తెగలేదు!