ఆసుపత్రి పోయింది.. స్థలం మిగిలింది
ఫిలడెల్ఫియాలో ‘హానిమన్’ ఉత్థాన పతనాలు

హోమియో వైద్య పితామహుడు శామ్యూల్ హానిమన్ పేరు తెలుగు పాఠకులకు సుపరిచితమే. గుడివాడ, రాజమహేంద్రవరం హోమియో కళాశాలల్లో చదివిన వైద్యులు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఆయన పేరిట అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వెలసి, పేదలకు పెద్దదిక్కుగా నిలిచిన ఆసుపత్రి 2019లో అప్పుల భారంతో మూతపడింది. ప్రైవేటు వైద్యంపైనే అధికంగా ఆధారపడిన మనకు ఈ ఉదంతం ఒక పాఠం.

ఆవిర్భావం
1848లో కాన్‌స్టాంటైన్ హెరింగ్ మరో ఇద్దరు వైద్యులతో కలిసి ఫిలడెల్ఫియాలో హోమియో వైద్య కళాశాలను స్థాపించారు. అనంతరం దానికి హానిమన్ పేరు పెట్టారు. కాలక్రమంలో అల్లోపతికి ప్రాధాన్యం పెరిగి, 20వ శతాబ్ది మధ్యనాటికి అక్కడ హోమియో బోధన అంతరించింది. ఆ కళాశాలకు చెందిన శస్త్రవైద్యుడు చార్లెస్ బెయిలీ 1948లో, ఇరుకైన మిట్రల్ కవాటాన్ని సరిచేసే గుండె శస్త్రచికిత్సను విజయవంతంగా నిర్వహించి ఖ్యాతి గడించారు.

చేతులు మారిన యాజమాన్యం
1993లో పిట్స్‌బర్గ్‌కు చెందిన అలిగేనీ సంస్థ హానిమన్‌ను తనలో కలుపుకుంది. వరుసగా ఆసుపత్రులను కొనుగోలు చేసిన ఆ సంస్థ, సుమారు 130 కోట్ల డాలర్ల అప్పులతో 1998 జులైలో దివాలా తీసింది. అదే ఏడాది టెనెట్ అనే లాభాపేక్ష కలిగిన కంపెనీ హానిమన్ సహా 8 ఆసుపత్రులను 34.5 కోట్ల డాలర్లకు కొన్నది. వైద్య కళాశాల డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది.

2018 జనవరిలో టెనెట్ ఈ ఆసుపత్రిని, సెయింట్ క్రిస్టఫర్స్ పిల్లల ఆసుపత్రిని కలిపి 17 కోట్ల డాలర్లకు కాలిఫోర్నియా పెట్టుబడిదారుడు జోయెల్ ఫ్రీడ్‌మన్ సంస్థకు విక్రయించింది. హానిమన్ నిర్వహణను ఒక కంపెనీ కింద, దాని స్థలాన్ని, భవనాలను వేరే కంపెనీల కింద ఉంచారు. నగరం నడిబొడ్డున, బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఆ స్థలం ఎంతో విలువైనది.

నష్టాలకు కారణాలు
రోగుల్లో అధికులు పేదలకు, వృద్ధులకు ఉద్దేశించిన మెడికెయిడ్, మెడికేర్ ప్రభుత్వ పథకాల కింద చికిత్స పొందేవారు. మన ఆరోగ్యశ్రీ మాదిరిగానే మెడికెయిడ్ చెల్లించే మొత్తం ప్రైవేటు బీమా కంటే తక్కువ. అదే నగరంలోని పెన్, జెఫర్సన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల పోటీ ఉండటంతో పడకలు పూర్తిగా నిండేవి కావు. ముఖ్య కార్యనిర్వాహకులు పలుమార్లు మారారు. బిల్లుల వసూలుపై పాత, కొత్త యజమానుల నడుమ వివాదం రేగింది. 2019 ఏప్రిల్‌లో 175 మందిని తొలగించినా నష్టాలు ఆగలేదు.

వీధిన పడ్డ వైద్యులు
2019 జూన్ 26న మూసివేత ప్రకటన వెలువడింది. కొద్దిరోజులకే యాజమాన్యం దివాలా రక్షణ కోరుతూ కోర్టును ఆశ్రయించింది. సుమారు 2,500 మంది సిబ్బంది ఉపాధి ప్రశ్నార్థకమైంది. 550 మందికి పైగా శిక్షణ వైద్యులు వేరే ఆసుపత్రులు వెతుక్కోవలసి వచ్చింది. వీసాపై ఉన్న విదేశీ వైద్యులకు దేశంలో కొనసాగడమే సమస్యగా మారింది. శిక్షణ స్థానాలను సైతం వేలం వేయగా 5.5 కోట్ల డాలర్ల ధర పలికింది. కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం తెలపడంతో ఆ విక్రయం ముందుకు సాగలేదు. ఆసుపత్రి 2019 సెప్టెంబరు ఆరంభంలో లాంఛనంగా మూతపడింది. పిల్లల ఆసుపత్రిని మాత్రం డ్రెక్సెల్, టవర్ హెల్త్ సంస్థలు 5 కోట్ల డాలర్లకు కొని నిలబెట్టాయి.

ఖాళీ భవనానికీ అద్దె
2020 మార్చిలో కరోనా విజృంభించినప్పుడు నగర పాలకులు ఖాళీగా ఉన్న ఆ భవనాన్ని కోరారు. అద్దె, నిర్వహణ కలిపి నెలకు సుమారు 10 లక్షల డాలర్లు అవుతుందని తేలడంతో చర్చలు విరమించి, టెంపుల్ విశ్వవిద్యాలయ క్రీడా ప్రాంగణంలో పడకలు ఏర్పాటు చేసుకున్నారు.

మన జిల్లాల్లోనూ భవనం ఒకరిది, నిర్వహణ మరొకరిది అయిన ఆసుపత్రులు ఉన్నాయి. అది తప్పు కాదు. అయితే నిర్వహణ దెబ్బతిన్ననాడు స్థలానికి యజమాని ఉంటాడు, అప్పులకు కోర్టు ఉంటుంది, రోగికి మాత్రం ఎవరూ ఉండరు. ఆసుపత్రి చేతులు మారేటప్పుడు స్థలం ఎవరి పేర ఉన్నదో, అప్పు ఎవరిపై పడుతున్నదో పాలకులు ముందుగానే విచారించడం అవసరం. మూసివేత ప్రకటన వెలువడ్డాక విచారిస్తే ప్రయోజనం స్వల్పమని హానిమన్ చరిత్ర చెబుతున్నది.