పగిలిన కుండ నుంచి కరెంటు కుక్కరు దాకా
(వాడ వంటిల్లు - 6)



పోయిన వారం ఒక విద్యార్థిని మెసేజ్ పెట్టింది. "మేడమ్, హాస్టల్ వదిలి రూముకు మారుతున్న. ఒక్కదాన్నే వండుకోవాలంటే ఏం కొనాలె?" చిన్న రైస్ కుక్కరు కొనుక్కో అని ఒక్క ముక్కలో జవాబిచ్చాను. ఆ రాత్రి మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. మన పిల్లను గిన్నె కొనుక్కోమనడం చిన్న మాట కాదు. మనం ఏ గిన్నెలో తినాలో రాసి పెట్టుకున్న దేశం ఇది.

మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. చండాలులు ఊరి బయట ఉండాలి, చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లో తినాలి. ఎప్పుడో పుస్తకంలో రాసిన మాట, దానికింత రాద్ధాంతమా అనేవాళ్లు అంబేడ్కర్ 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన' చదవాలి. 1935 నవంబరులో అహ్మదాబాద్ జిల్లా జను గ్రామంలో అంటరాని ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నారని హిందువులు వాళ్లను కొట్టారు. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో, తీర్థయాత్ర చేసి వచ్చిన ఒకాయన తన వాళ్లకు నెయ్యితో విందు పెట్టాడు. వందల మంది కర్రలతో వచ్చి పడ్డారు. అన్నం పాడు చేశారు, తింటున్నవాళ్లను బాదారు. నెయ్యి వాళ్ల డబ్బుతో కొన్నదే. వచ్చిన చుట్టాలూ వాళ్లవాళ్లే. అయినా నేరమే అయింది.

అంటే కులం బావి దగ్గర, గుడి దగ్గర ఆగలేదు. బిందె దేనితో చేసిందో చూసింది, విస్తట్లో ఏముందో చూసింది.

మా నాయనమ్మ కథ కూడా ఇందులోదే. జీవితమంతా వరి నాట్లేసింది, కలుపు తీసింది, కోసింది. ఇంట్లో ఉడికింది మాత్రం జొన్న గట్క. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాకే రోజూ తెల్లబువ్వ తిన్నామని చెప్పేది. ఆ బియ్యం తోటే మట్టికుండ పోయి సిల్వర్ గిన్నె వచ్చిందట. గిన్నె తోమి ఎండలో బోర్లిస్తే తళతళ మెరిసేదని, దారినపోయేవాళ్లకు కనపడేటట్టే పెట్టేదాన్నని చెప్పి నవ్వేది. ఆ నవ్వు వెనుక ఏముందో నాకు పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు గానీ తెలియలేదు. జను గ్రామపు ఆడవాళ్ల పేర్లు ఆమె విని ఉండదు. వాళ్లు ఎందుకు దెబ్బలు తిన్నారో చెబితే మాత్రం వెంటనే అర్థమయ్యేది.

ఇక నేను కొన్న వస్తువు సంగతి. అది పుట్టింది జపాన్‌లో. అక్కడి ఇళ్లలో అన్నమంటే ఆడవాళ్లు పొద్దున్నే లేచి కట్టెల పొయ్యి ముందు కూర్చోవడమే. 1955లో తోషిబా కంపెనీ దానంతట అదే ఆగిపోయే కరెంటు కుక్కరును అమ్మకానికి తెచ్చింది. దాన్ని తయారుచేసింది యోషితాద మినామి అనే చిన్న కార్ఖానా యజమాని. వండి చూసి, వేడి కొలిచి, మళ్లీ మళ్లీ పరీక్షించింది ఆయన భార్య ఫుమికో. తోషిబా పేరు అందరికీ తెలుసు. ఫుమికో పేరు మీలో ఎంతమంది విన్నారు? వంట చరిత్రలో ఆడవాళ్ల పేర్లు అడుగంటిపోవడం ఒక్క మన దగ్గరే కాదు.

కిటుకు చాలా సులువు. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు. బియ్యం ఆ నీళ్లు తాగేశాక వేడి ఒక్కసారి పైకి పోతుంది, స్విచ్ టక్కున ఆగుతుంది. అందుకే ఖాళీ గిన్నెలో పోపు పెట్టబోతే మధ్యలోనే తన్నేస్తుంది. ఉల్లిగడ్డ, టమాట కాస్త నీళ్లతో మగ్గనిచ్చి, కప్పు బియ్యం, గుప్పెడు నానిన కందిపప్పు, ఉప్పు, కారం, పసుపు, మూడు కప్పుల నీళ్లు పొయ్యి. అరగంటలో ఒక్క మనిషికి రెండు పూటల తిండి. కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు. జపాన్‌లో బియ్యం కొలిచే పాత కొలత 'గో' అదే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక పట్నంలో గది చూసుకున్నాను. ఇంటామె అడిగింది, "మేడమ్, మీరేమోళ్లు?" తెలుగు లెక్చరర్‌ని అన్నాను. "అది కాదు మేడమ్..." అని ఆగి, వేరే దారిలో వచ్చింది. "నీసు వండరు కదా?" ఒక్కదాన్నే, కుక్కర్లో పప్పన్నమే అన్నాను.

మూడు నెలలు పప్పన్నమే తిన్నాను. కుక్కరుకు కూత లేదు, పొగ లేదు. తలుపేసుకుంటే నేను వండుతున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అది నాకు స్వేచ్ఛలాగే అనిపించింది. మా అమ్మ కట్టిచ్చిన ఎండు తునకల పొట్లం మాత్రం సంచి అడుగునే ఉండిపోయింది. ఒక శనివారం రాత్రి వాటిని నానబెట్టాను. ఆదివారం రెండు విడతలు ఉడికించి, అందులోనే పప్పు, బియ్యం వేశాను. కిటికీ తెరిచే ఉంచాను. కావాలనే తెరిచానా, మర్చిపోయానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

సోమవారం ఇంటామె వచ్చింది. వాళ్ల అమ్మాయి వస్తోందట, గది కావాలట. కులం మాట ఎత్తలేదు, తునకల మాటా ఎత్తలేదు. పుస్తకాలు ఆటోలో వేసి, కుక్కరు ఒళ్లో పెట్టుకుని వచ్చేశాను.

గది పోయినందుకు కాదు, ఆ మూడు నెలలకు బాధపడతాను. నన్నెవరూ పగిలిన కుండలో తినమనలేదు. మంచి గిన్నె కొనుక్కుని, నా తిండిని నేనే ఊరి బయట పెట్టాను. నాయనమ్మ సిల్వర్ గిన్నెను దారినపోయేవాళ్లకు కనపడేటట్టు బోర్లించింది. డాక్టరేట్ ఉన్న నేను నా గిన్నెను తలుపు వెనక దాచాను.

కుక్కరు మంచిదే. పొయ్యి లేనివాళ్లకు పొయ్యి ఇచ్చింది, మెస్సు చూపుల నుంచి తప్పించింది. అయితే అది వంట భారం తీరుస్తుందే గాని కులాన్ని తీర్చదు. ఆ పని మనమే చెయ్యాలి. గది దొరకడం కోసం అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను తప్పుపట్టను, నేనూ చెప్పినదాన్నే. కానీ ఆ అబద్ధం ఎవరికోసం చెప్పాల్సి వచ్చిందో మర్చిపోవద్దు.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. రోజూ బియ్యం ఉడికింది ఏ సంవత్సరం నుంచి? మొదటి లోహపు గిన్నె ఎప్పుడొచ్చింది? ఎవరేమన్నారు? రాసి కింద పెట్టండి. అది కూడా చరిత్రే.

గది మారుతున్న చెల్లెలా, కుక్కరు కొనుక్కో. కిటికీ ఉన్న గది చూసుకో.

జై భీమ్.